ఉద్యోగాల లెక్క మనమూ వేద్దాం

(చిన్న సోలార్ ప్రాజెక్టులు – గ్రామీణ ఉపాధి అనే అంశంపై జిల్లా రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము చదివింది పదో తరగతి. కరెంటు గురించి చెప్పడానికి ఇంజనీర్లం కాదు, ఉద్యోగాల గురించి చెప్పడానికి ఆర్థికవేత్తలం కాదు. కానీ కూలి లెక్క మాకు తెలుసు. ఎకరా వేరుశనగకు ఎంతమంది మనుషులు కావాలో, ఎన్ని రోజులు కావాలో చెప్పమంటే నిద్రలో లేపినా చెప్తాం. ఆ లెక్కతోనే సోలార్ లెక్క కూడా వేసి చూశాం. మూడు సాయంత్రాలు రచ్చబండ మీద కూర్చున్నాం. డిగ్రీ చదివే మా పిల్లలు ఫోన్లో కాగితాలు తీసి చదివి చెప్పారు, మేము కూడికలూ భాగహారాలూ చేశాం. అక్కడ తేలిందే ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

మెగావాటుకు 25 ఉద్యోగాలు!

సంగతి ఎక్కడ మొదలైందో ముందు చెప్తాం. రెండు నెలల కిందట ఒక కంపెనీ మనిషి మా ఊరికి వచ్చాడు. మా సబ్‌స్టేషన్‌కు దగ్గరగా ఉన్న పొలాలు కావాలన్నాడు. పీఎం కుసుమ్ పథకం కింద రెండు మెగావాట్ల చిన్న ప్లాంటు పెడతామన్నాడు. మెగావాటుకు ఐదెకరాలు, మొత్తం పదెకరాలు, పాతికేళ్ల లీజు. పిల్లలు ఉద్యోగాల సంగతి అడిగారు. ‘‘ప్రభుత్వం లెక్క ప్రకారమే మెగావాటుకు 25 ఉద్యోగాలు. మీ ఊరికి 50 వస్తాయి’’ అన్నాడు.

యాభై ఉద్యోగాలంటే మాటలా? మా ఊర్లో ఐటీఐ చేసి బెంగళూరులో వాచ్‌మన్ పని చేస్తున్న పిల్లలున్నారు. వాళ్ల అమ్మానాన్నల కళ్లు మెరిశాయి. సంతకాలకు ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు కూడా.

అప్పుడు వెనక నిలబడిన ఒక కూలీ అక్క అడిగింది: ‘‘సారూ, ఆ పదెకరాల్లో కలుపు తీసేది మేమే గదా. మీ యాభైలో మా పని కలిపినారా, తీసేసినారా?’’

ఆ మనిషి దగ్గర జవాబు లేదు. ఆఫీసులో అడిగి చెప్తానన్నాడు. నిజం చెప్పాలంటే మా దగ్గరా జవాబు లేదు. అందుకే లెక్కకు కూర్చున్నాం.

ఇది మా ఒక్క ఊరి సంగతి అనుకోవద్దు. 2024 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు లక్ష్యమని చెప్పింది. ఇవాళ కాకపోతే రేపు మీ ఊరికీ ఒక మనిషి వస్తాడు, ఒక అంకె చెప్తాడు. ఆ అంకెను ఎలా విప్పి చూడాలో మనకు తెలిసి ఉండాలి.

ఉద్యోగమా, ఉద్యోగ సంవత్సరమా?

ముందు ఆ 25 ఎక్కడిదో వెతికాం. 2019 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం కుసుమ్ పథకానికి ఆమోదం ఇచ్చింది. అప్పటి లక్ష్యం 25,750 మెగావాట్లు. దీనివల్ల 6.31 లక్షల ‘ఉద్యోగ సంవత్సరాల’ పని కలుగుతుందని ప్రకటనలో రాశారు. మా పిల్లలు 6,31,000ని 25,750తో భాగించారు. ఇరవై నాలుగున్నర వచ్చింది. కంపెనీ మనిషి చెప్పిన 25 ఇదే.

కానీ చూడండి, ప్రకటనలో ఉన్నది ఉద్యోగ సంవత్సరం. మా ఊరికి వచ్చేసరికి ‘సంవత్సరం’ దారిలో రాలిపోయి ఉత్త ‘ఉద్యోగం’ మిగిలింది. పత్రికల్లో, ఉపన్యాసాల్లో కూడా ఇలాగే రాలిపోతూ ఉంటుంది.

రెంటికీ తేడా ఏమిటి? ఒక మనిషికి ఒక ఏడాది పాటు దొరికే పనిని ఒక ఉద్యోగ సంవత్సరం అంటారు. మన భాషలో చెప్పుకుంటే ఒక ‘ఏడాది పని’. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుందాం. 25 ఏడాది పనులంటే 25 మందికి ఒక సంవత్సరం పని కావచ్చు. వంద మందికి మూడు నెలల పని కావచ్చు. ఒకే మనిషికి పాతికేళ్ల పని కూడా కావచ్చు. మూడింటికీ అంకె ఒకటే, ఇంట్లో పొయ్యి వెలిగే తీరు మాత్రం వేరు. ఇల్లు కట్టే మేస్త్రికి మీ ఇంటి దగ్గర నాలుగు నెలల పని దొరుకుతుంది. దాన్ని మీ ఇంట్లో ఉద్యోగం దొరికిందని ఆయన చెప్పుకోడు గదా!

అందుకే ఎవరు ఏ అంకె చెప్పినా మొదటి ప్రశ్న ఇదీ: ఇందులో కట్టే పని ఎంత, కట్టినాక ప్రతి ఏడాదీ ఉండే పని ఎంత?

25లో ఏమున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు దొరికే లెక్క ఒకటి ఉంది. ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ, అమెరికాకు చెందిన ఎన్‌ఆర్‌డీసీ కలిసి 2017లో మన దేశంలోని సోలార్, గాలిమర కంపెనీలను అడిగి అంచనా వేశాయి. ఇళ్ల పైకప్పుల మీద పెట్టే సోలార్‌కు మెగావాటుకు 24.72 ఏడాది పనులు వచ్చాయి. నేల మీద పరిచే పెద్ద ప్లాంటుకు 3.45 మాత్రమే. గాలిమరలకు 1.27.

ఎందుకింత తేడా? ఆలోచిస్తే మనకే అర్థమవుతుంది. ఒక మెగావాటు అంటే వెయ్యి కిలోవాట్లు. ఇంటికి ఐదు కిలోవాట్ల చొప్పున వేసుకుంటే 200 ఇళ్లు. 200 ఇళ్లకు 200 సార్లు పోవాలి, 200 మందిని ఒప్పించాలి, ప్రతి మిద్దెకూ కొలతలు తియ్యాలి, గీతలు గియ్యాలి, సామాను మొయ్యాలి. అదే ఐదెకరాల చదును నేల మీదైతే ఒకే కొలత, ఒకే లారీ దారి, వరసగా బిగించుకుంటూ పోవడమే. ఒకరు పది కుంటల్లో కూరగాయలు పెడితే పట్టే మనుషులు వేరు, ట్రాక్టరు గొర్రుతో పదెకరాలు విత్తితే పట్టే మనుషులు వేరు. ఇదీ అంతే.

మా ఊర్లో పెడతామన్నది ఏది? పేరుకు చిన్న ప్రాజెక్టే. కానీ పనితీరు చూస్తే నేల మీద ఒకేచోట పరిచే ప్లాంటు. దానికి చెప్పాల్సిన లెక్క మూడున్నరకు దగ్గర. చెప్పింది పైకప్పుల లెక్క. మిద్దె మీద మొలిచిన అంకెను తెచ్చి మా చేలో నాటారన్నమాట.

ఇక ఆ 24.72ను విడదీస్తే అమ్మకం, ఒప్పందాల పని 1.53. డిజైను, ముందస్తు ఏర్పాట్లు 8.85. కట్టి బిగించే పని 13.84. కట్టినాక చూసుకునే పని 0.50, అంటే అర మనిషి. నేల మీది ప్లాంటులో కట్టే పని 2.70, చూసుకునే పని అక్కడా అర మనిషే. ప్రతి ఏడాదీ నిలిచే పని ఆ అర మనిషిదే. మా ఊరి రెండు మెగావాట్లకు ఆ లెక్కన ఒక్క మనిషి. చిన్న ప్లాంటుకు రాత్రి కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం కలిపితే ఇద్దరు ముగ్గురు అవుతారేమో. యాభై మాత్రం అయ్యే దారి లేదు.

ఒక్క పంపుసెట్టు దగ్గర లెక్క

పెద్దల లెక్క సరే, మన కళ్లతో చూసింది కూడా చెప్పాలి. కుసుమ్‌లో మూడు భాగాలున్నాయి. మొదటిది 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల వరకు చిన్న ప్లాంట్లు. రెండోది కరెంటు లైను లేనిచోట సోలార్ పంపుసెట్లు. మూడోది ఇప్పటికే లైనున్న పంపులకు సోలార్. రెండో భాగం కింద మా ఊరి రైతు ఒకాయన 5 హెచ్‌పీ సోలార్ పంపు పెట్టించుకున్నప్పుడు మేము దగ్గరుండి మనుషులను లెక్కపెట్టాం.

గుంతలు తవ్వి కాంక్రీటు పోయడానికి నలుగురు ఒక రోజు. అది గట్టిపడినాక స్టాండు నిలబెట్టి పలకలు బిగించడానికి నలుగురు ఒక రోజు. బోరులో మోటారు దించి, పైపులూ కేబులూ కలిపి, కంట్రోలర్ పెట్టడానికి ముగ్గురు ఒక రోజు. మొత్తం 11 పనిదినాలు. అందులో మా ఊరివాళ్లవి గుంతల దగ్గర 4. మిగతా 7 టౌను నుంచి వచ్చిన మనుషులవి.

ఇప్పుడు పథకం లెక్క చూద్దాం. 5 హెచ్‌పీ పంపుకు 4.8 కిలోవాట్ల పలకలు పెడతారు. అంటే మెగావాటుకు సుమారు 208 పంపులు. ఇరవై నాలుగున్నర ఏడాది పనులను 208 పంపులకు పంచితే పంపుకు సుమారు 35 పనిదినాలు. మా పొలంలో కనిపించినవి 11, మా ఊరికి దక్కినవి 4. మిగిలిన 24 రోజుల పని ఎక్కడుందంటే ఆఫీసుల్లో, గోదాముల్లో, లారీల్లో, కంప్యూటర్ల ముందు ఉండాలి. అది అబద్ధమని మేము అనడం లేదు. అదీ ఎవరో ఒకరి పిల్లల అన్నమే. కానీ ‘మీ ఊరికి’ అని చెప్పినప్పుడు మా ఊరికి దక్కే వాటా వేరుగా చెప్పాలి.

పంపుల నిర్వహణ సంగతి కూడా చూడండి. మెగావాటుకు అర మనిషి అంటే 208 పంపులకు అర మనిషి. సుమారు నాలుగు వందల పంపులకు ఒక మెకానిక్ అన్నమాట. మండలానికి నాలుగు వందల పంపులు వస్తే మండలంలో ఒక్క స్థిరమైన ఉద్యోగం. ఆ ఒక్కడైనా మన మండలంలో ఉంటున్నాడా? మేము చూసిన పంపుకు కంట్రోలర్ చెడిపోతే టౌను నుంచి మనిషి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఈలోగా మిరప మడి వాడిపోయింది. కాగితం మీద ఉద్యోగం ఉంది, మడి దగ్గర మనిషి లేడు. పంపు వేసిన కంపెనీ ఐదేళ్లు నిర్వహణ చూడాలని పథకంలో నిబంధన ఉంది. ఆ ఐదేళ్లూ మన మండలంలోని పిల్లవాడినే పెట్టి చూపించమని అడిగే హక్కు మనకు ఉండాలి. సోలార్ మెకానిక్‌లను తయారు చెయ్యడానికి కేంద్ర ప్రభుత్వం 2015 నుంచి ‘సూర్యమిత్ర’ పేరుతో మూడు నెలల శిక్షణ ఇస్తోంది. మన ఐటీఐ పిల్లలు దానికి సరిపోతారు. శిక్షణ అయినాక మండలంలో పని చూపించే బాధ్యతను కూడా ఎవరో ఒకరు నెత్తినెత్తుకోవాలి.

వచ్చిన పనిలోంచి పోయిన పని తీసెయ్యాలి

ఇప్పుడు ఆ కూలీ అక్క ప్రశ్నకు వద్దాం. ఈ జవాబు కోసమే మాకు మూడో సాయంత్రం మొత్తం పట్టింది.

వర్షాధారం వేరుశనగ ఎకరాకు విత్తనం నుంచి కలుపు తీత, చెట్టు పీకడం, కాయ కొట్టడం దాకా మా ఊరి సరాసరిన 30 పనిదినాలు వేసుకున్నాం. వాన బాగుంటే ఎక్కువ, పంట ఎండితే తక్కువ. ఐదెకరాలకు 150 దినాలు. అంటే ఏడాదికి అర మనిషి పని. మెగావాటు ప్లాంటు ప్రతి ఏడాదీ ఇచ్చే పని ఎంత? అదీ అర మనిషే! సరికి సరి. కట్టేటప్పుడు దొరికే మూడు ఏడాది పనులే మిగులు, అదీ ఒక్కసారే.

అదే ఐదెకరాలు బోరు కింద టమాట వేసే భూమి అయితే? నారు, నాటు, కట్టెలు పాతడం, కోతలు అన్నీ కలిపి మా లెక్కన ఎకరాకు 100 దినాలకు తగ్గదు. ఐదెకరాలకు 500 దినాలు, ఏడాదికి ఒకటిన్నర మనిషికి పైగా. అర మనిషి పని తెచ్చుకుని ఒకటిన్నర మనిషి పని పోగొట్టుకున్నట్టు. ఏళ్ల తరబడి బీడు పడిన రాతినేల అయితే పోయేది తక్కువ. కానీ గొర్రెల కాపరులను అడగండి, బీడు అంటే వాళ్లకు మేత. ఆ పోయిన మేతను కూడా లెక్కలో రాయాలి.

ఇంకో మాట. అర మనిషి పోయి అర మనిషి వచ్చాడంటే అంకెల్లోనే సరి. పోయింది విత్తనానికీ కలుపుకూ వచ్చే పది పన్నెండు మంది ఆడవాళ్ల పని, తలా కొన్ని రోజులు. వచ్చింది ఒక మగ వాచ్‌మన్ పని. లీజు డబ్బు భూమి ఉన్నవాళ్ల ఖాతాలో పడుతుంది. భూమిలేని ఇంటికి లీజూ లేదు, కూలీ లేదు.

సరిహద్దు దాటి కర్ణాటకలోని పావగడకు పోతే ఇది కళ్లారా చూడొచ్చు. మూడు వైపులా మన ఊళ్లే, అక్కడా చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. భూమి కొనకుండా లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. వానలు లేక అప్పుల్లో మునిగిన రైతుకు అది ఊరటే, కాదనం. భూమి పోలేదు, ఏటా డబ్బు వస్తోంది. కానీ ఆ భూముల మీద కూలి చేసి బతికిన ఇళ్లకు లీజు రాలేదు. ప్లాంటు కట్టినన్ని రోజులు పని దొరికింది, కట్టినాక చాలామంది మళ్లీ బెంగళూరు బస్సే ఎక్కారు. పావగడ పెద్ద పార్కు, మనకు వచ్చేవి చిన్నవి. కానీ లెక్క తీరు ఒకటే. చిన్నవి వంద చోట్ల పెట్టినా, పోయిన పని తీసెయ్యకుండా వచ్చిన పని మాత్రమే చెప్తే అది సగం లెక్కే.

ఆగిపోయే పని: బంగ్లాదేశ్ పాఠం

మన దేశం ఒక్కటే కాదు, బీద దేశాలన్నిటా ఈ అంచనాలు వేస్తున్నారు. అందులో బంగ్లాదేశ్ కథ మనం తెలుసుకోవాలి.

కరెంటు లేని పల్లెల్లో ఇంటింటికీ చిన్న సోలార్ పలక, బ్యాటరీ, రెండు మూడు బల్బులు ఇచ్చే పథకం అక్కడ 2003లో మొదలైంది. ఇడ్కాల్ అనే ప్రభుత్వ సంస్థ అప్పులకు డబ్బు సర్దింది. స్థానిక సంస్థలు ఊరూరూ తిరిగి వాయిదాల మీద అమ్మాయి. నలభై లక్షలకు పైగా ఇళ్లకు వెలుగు వచ్చింది. ప్రపంచంలో అంత పెద్ద ఇంటి సోలార్ పథకం లేదని పేరొచ్చింది. అమ్మేవాళ్లు, బిగించేవాళ్లు, వాయిదాలు వసూలు చేసేవాళ్లు, బాగుచేసేవాళ్లు కలిపి లక్ష మందికి పైగా పని దొరికిందని అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ లెక్కల్లోకి ఎక్కింది. పల్లెల్లో ఆడపిల్లలకు కూడా మెకానిక్ శిక్షణ ఇచ్చారు. ఇది నిజంగా గొప్ప సంగతి.

తర్వాత ఏమైంది? కరెంటు లైను వేగంగా పల్లెలకు వచ్చింది. ఉచితంగా సోలార్ పలకలు పంచే ప్రభుత్వ కార్యక్రమాలూ వచ్చాయి. వాయిదాల మీద కొనేవాళ్లు తగ్గిపోయారు. కొత్తగా అమ్మితేనే నిలిచే పని గనుక, అమ్మకాలు పడిపోగానే ఆ పనులూ పోయాయి. ఊళ్లకు కరెంటు రావడం మంచిదే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ పలకలు బిగించే పని పెళ్లి పందిరి వేసే పని లాంటిది. పెళ్లిళ్లు ఉన్నంత కాలమే పని. ఆ మాట ముందే చెప్పి, తర్వాత ఏ పనికి మళ్లాలో ముందే ఆలోచించి ఉంటే ఆ పిల్లలు అంత దెబ్బ తినేవాళ్లు కాదు.

కరెంటుతో పుట్టే పని

అయితే సోలార్ వద్దా అని మీరు అడగొచ్చు. వద్దని మేము అనడం లేదు. రాత్రి కరెంటుకు మోటారు వెయ్యబోయి పాము కాటుకు, షాకుకు పోయిన రైతులు ప్రతి మండలంలో ఉన్నారు. పగటి పూట కరెంటు అంటే మనకు ప్రాణంతో సమానం. మేము అనేది ఒక్కటే. పలకలు బిగించే పనిని మాత్రమే ఉద్యోగంగా లెక్కపెడితే అసలు లాభం లెక్కలోకి రాదు. పలకలు ఇచ్చే కరెంటుతో ఊర్లో ఏ పని పుడుతుందో అదే నిలిచే పని.

పవర్ ఫర్ ఆల్ అనే అంతర్జాతీయ సంస్థ 2019లో మన దేశం, కెన్యా, నైజీరియాల్లో లెక్క తీసింది. 2017-18లో మన దేశంలో ఇలాంటి చిన్న సోలార్ రంగంలో నేరుగా జీతం మీద ఉన్నవాళ్లు సుమారు 95 వేల మంది అని అంచనా. ఆ కరెంటును వాడుకుని నడిచే మిల్లులు, దుకాణాలు, సేద్యం లాంటి వాటిలో పుట్టిన పనులు దానికి దాదాపు ఐదింతలు అని చెప్పింది.

మన దగ్గర ఇది ఎలా ఉంటుంది? శనక్కాయలు ఒలిచే మిషను, కొర్రలూ సామలూ బియ్యం చేసే మిల్లు, పిండి మర, పాల చల్లదనం యూనిట్, టమాట ఎండబెట్టే డ్రయ్యర్. మదనపల్లె, పత్తికొండ మార్కెట్ల దగ్గర టమాటను రోడ్డు మీద పారబోసిన రోజులు మనం మర్చిపోలేదు. ఆ టమాటను ఎండబెట్టి ఒక మహిళా సంఘం అమ్ముకోగలిగితే పదిమందికి సీజనంతా పని. ఒక ఎకరాకు రెండో పంట కలిస్తే ఎన్ని పనిదినాలో ఇందాకే చెప్పుకున్నాం.

కానీ ఇవీ వాటంతట అవి రావు. పలకలు పెట్టగానే మిల్లు మొలవదు. మిషనుకు అప్పు కావాలి, సరుకుకు మార్కెట్ కావాలి. రెండో పంటకు బోరులో నీళ్లుండాలి. కరెంటు ఖర్చు లేదని పగలంతా తోడితే నాలుగేళ్లలో బోరు ఎండుతుంది, పంటా పోతుంది, పనీ పోతుంది. మన జిల్లాలో ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. కాబట్టి ఈ లెక్క వేసేటప్పుడు కూడా ‘ఉంటే, దొరికితే’ అన్నవి పక్కన రాసుకోవాలి.

మనం అడగాల్సినవి

మా ఊరు తరఫున కంపెనీ మనిషికి కాగితం మీద రాసి ఇచ్చిన ప్రశ్నలు ఇవి. మీకూ పనికొస్తాయి.

ఒకటి. కట్టే పని ఎన్ని పనిదినాలు, కట్టినాక ప్రతి ఏడాదీ ఎన్ని పనిదినాలు? రెండూ కలపకుండా వేరువేరుగా రాయాలి.

రెండు. అందులో ఈ మండలం వాళ్లకు ఎన్ని? ఆడవాళ్లకు ఎన్ని? రోజు కూలి ఎంత? పీఎఫ్, బీమా ఉన్నాయా, లేక కాంట్రాక్టర్ కింద లేబరా?

మూడు. ఆ భూమిలో గత ఐదేళ్లలో ఏ పంట వేశారు, ఎన్ని కూలి దినాలు నడిచాయి, ఎంతమంది గొర్రెలు మేపుకున్నారు? అవి తీసెయ్యగా మిగిలేది ఎంత?

నాలుగు. భూమిలేని కూలీ ఇళ్లకు ఏమిస్తారు? గడ్డి కోత, పలకలు కడగడం, కాపలా పనులు ముందు ఆ ఇళ్లవాళ్లకే ఇస్తామని లీజు కాగితంలో రాస్తారా?

ఐదు. సేద్యపు భూమి అయితే పలకలను ఎత్తైన స్తంభాల మీద పెట్టి కింద పంట సాగనిస్తారా? సాగుభూమిలో పెట్టాలంటే అలాగే పెట్టాలని కుసుమ్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఖర్చు ఎక్కువని కంపెనీలు తప్పించుకుంటాయి. మనం వదలకూడదు.

ఆరు. ప్లాంటు కంపెనీదే ఎందుకు కావాలి? రైతు గానీ, రైతుల గుంపు గానీ, సహకార సంఘం గానీ, పంచాయతీ గానీ సొంతంగా పెట్టుకోవచ్చని ఆ పథకమే చెప్తోంది. పెట్టుబడి దొరకని రైతుకే లీజు దారి చూపించారు. బ్యాంకు అప్పు ఇప్పించమని మన సంఘం కొట్లాడాలి. ప్లాంటు మనదైతే మెకానిక్ ఎవరో, కాపలా ఎవరో మనమే నిర్ణయించుకుంటాం.

ఏడు. చెప్పిన పనిదినాలు నిజంగా నడిచాయో లేదో ఎవరు చూస్తారు? ఉపాధి హామీ పనికి మస్టర్ రాసినట్టు ఇక్కడా మస్టర్ రాయాలి. ఏడాదికోసారి గ్రామసభలో చదవాలి.

మిత్రులారా, ఆ కాగితం ఇచ్చి ఆరు వారాలైంది. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా మా ఊర్లో మాట పట్టింపులూ వచ్చాయి. ఒక కుటుంబం సంతకం చేస్తామంటోంది. వాళ్లకు బ్యాంకులో అప్పుంది, కూతురి పెళ్లి ఉంది. వాళ్లను తప్పు పట్టే హక్కు మాకు లేదు. లీజు డబ్బు వాళ్ల అవసరం తీరుస్తుందనుకుంటే చేసుకోవచ్చు. డబ్బు కోసం చేస్తున్నామని తెలిసి చెయ్యాలి గానీ, రాని యాభై ఉద్యోగాల కోసం చెయ్యకూడదు అని మాత్రం చెప్పాం. ఆ ఇంటి పెద్దాయన విని, ‘‘సరే, జవాబు వచ్చేదాకా ఆగుతాను’’ అన్నాడు. ఆయన ఎంతకాలం ఆగగలడో మాకు తెలుసు. అందుకే ఈ మాట ఇక్కడికి తెచ్చాం. ఒక్క ఊరు అడిగితే కంపెనీ పక్క ఊరికి పోతుంది. మండలంలోని ఊళ్లన్నీ ఇవే ఏడు ప్రశ్నలు అడిగితే ఎక్కడికి పోతుంది?

చివరగా ఒక పని అప్పజెప్పి సెలవు తీసుకుంటాం. మీ మీ ఊళ్లలో ఈ ఏడాది పెట్టిన ఒక్క సోలార్ పంపు దగ్గరికో, ఒక్క ప్లాంటు దగ్గరికో పోండి. ఎంతమంది, ఎన్ని రోజులు, ఏ ఊరివాళ్లు, ఎంత కూలికి పని చేశారో ఒక కాగితం మీద రాయండి. ఆ భూమిలో ముందు ఏముండేదో కూడా రాయండి. ఆ కాగితాలన్నీ మన పత్రికకు పంపండి. వంద ఊళ్ల లెక్క ఒకచోట చేరితే, దాన్ని పట్టుకుని కలెక్టరు దగ్గరికీ పోవచ్చు, మంత్రి దగ్గరికీ పోవచ్చు. ఇవాళ వాళ్ల అంకెకు ఎదురుగా పెట్టడానికి మన దగ్గర అంకె లేదు. ఆ అంకె మనమే పండించుకోవాలి.

ఆ కూలీ అక్క ఇవాళ ఈ సమావేశానికి రాలేదు. కలుపు పనుంది, ఒక రోజు కూలి పోతుందని ఆగిపోయింది. ఆమె పోగొట్టుకునే ఆ ఒక్క రోజును కూడా లెక్కలో రాసినప్పుడే అది మన లెక్క అవుతుంది.

రైతు కూలీ ఐక్యత వర్ధిల్లాలి!